పెరట్లో ఉడతని గుర్తుపట్టడం, గమనించడం: సిక్కోలు, విజయనగరం వైపు వాళ్లకి

ముందు చారలు లెక్కపెట్టండి, అదీ పైనుంచి కాదు, పక్కనుంచి. ఉడత ప్రహరీ గోడ మీద పరిగెత్తి ఒక్క క్షణం ఆగినప్పుడో, జామకొమ్మ మీద పక్కకి తిరిగి కూర్చున్నప్పుడో వీపుతో పాటు డొక్క కూడా కనిపిస్తుంది, లెక్క తేలేది అక్కడే. వీపు మీద మూడు తెల్లటి చారలుండి, వాటి కింద డొక్క అంతా ఒకే బూడిద రంగులో సాగి, పొట్ట దగ్గర మీగడ తెలుపులోకి మారిపోతే అది మూడు చారల ఉడత. ఆ మూడింటికి తోడు రెండు డొక్కల మీదా చెరొక లేత చార కనిపిస్తే అయిదు చారల ఉడత. ఇవి రెండూ వేర్వేరు జాతులు. వయసుని బట్టో, ఆడా మగా తేడాని బట్టో చారలు పెరగవు, తగ్గవు. మూడు చారలదాన్ని శాస్త్రీయ నామంతో ఫునాంబులస్ పాల్మారం అంటారు, 1766లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన జాతి. అయిదు చారలది ఫునాంబులస్ పెన్నాంటీ, దాన్ని 1905లో రాటన్ వర్ణించాడు.

మన శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో మామూలుగా తిరిగేది మూడు చారలదే. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉండేది ఎక్కువగా అది. అయిదు చారలది ఉత్తరాదిన ఎక్కువ, అయినా దక్షిణాదిలో కూడా అక్కడక్కడా ఉంటుంది కాబట్టి "ఇక్కడ ఉండదులే" అని చూడకుండానే తేల్చేయకండి. రాముడు మూడు వేళ్లతో వీపు నిమిరిన కథ అందరం విన్నదే, అందుకే ఏ పిల్లాడిని అడిగినా టక్కున మూడు అంటాడు. ఆ కథ నాకూ చాలా ఇష్టం, పిల్లలకి చెప్పండి కూడా. చెప్పాక వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లి కళ్లతో లెక్కపెట్టించండి.

లెక్కలో ఎక్కడ పొరపాటు పడతామో చెప్తాను. మూడు చారల్లో మధ్యది పొడుగు, తల వెనక నుంచి తోక మొదలు దాకా వెళ్తుంది. పక్కవి రెండూ ముందుకాళ్ల దగ్గర మొదలై వెనక్కాళ్ల దగ్గర ఆగిపోతాయి. ఉడత ముడుచుకుని కూర్చుంటే ఆ పక్క చారలు కిందికి జారినట్టు కనిపించి, అవే డొక్క చారలేమో అనిపిస్తాయి. అందుకని ఒంటిని సాగదీసి నడిచేటప్పుడు చూడాలి. వానలో తడిసిన ఉడత మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న ఉడత మీద ఏదీ తేల్చకండి. పొద్దున్న ఏటవాలు వెలుగులో అయితే లేత చారలు కూడా బాగా తెలుస్తాయి.

చారలు కనిపించనంత దూరంలో ఉంటే తోక చూడండి. తల నుంచి తోక మొదలు దాకా ఒళ్లు 11 నుంచి 18 సెంటీమీటర్లు, అంటే జానెడు లోపే. తోక దాదాపు అంత పొడుగూ ఉంటుంది, ఒళ్లు కంటే కాస్త తక్కువ. తోక వెంట్రుకలు పొడుగ్గా, నలుపూ తెలుపూ కలిసి ఉంటాయి. ఎలుక తోక బోడిగా ఉంటుంది, ఆ ఒక్క తేడా చాలు. బరువు చెప్పాలంటే పెద్ద ఉడత అటూ ఇటూగా వంద గ్రాములు తూగుతుంది, అంతే. ముంగిసని చూసి పెద్ద ఉడత అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ముంగిసకి చారలుండవు, నేలబారుగా పోతుంది, ఉడత కంటే చాలా పెద్దది.

కొండల దగ్గర ఊళ్ల వాళ్లకి మాత్రం ఇంకో రెండు జంతువుల సంగతి చెప్పాలి. తూర్పు కనుమల అడవుల్లో పెద్ద అడవి ఉడత ఉంటుంది, తోకతో కలిపి మూడడుగుల దాకా పొడుగు, ముదురు ఎరుపు, గోధుమ, మీగడ రంగులు కలిసిన ఒళ్లు. అది చెట్ల పైకొమ్మల్లోనే తిరుగుతుంది, నేలకి దిగడం అరుదు, పెరట్లోకి వచ్చే రకం కాదు. రెండోది చూడ్డానికి అచ్చం ఉడతే అనిపించే మద్రాస్ ట్రీ ష్రూ. మూతి పొడుగ్గా, కోసుగా ఉంటుంది, వీపు మీద చారలుండవు, భుజం మీద మాత్రం ఏటవాలుగా ఒక లేత గీత ఉంటుంది. అది ఉడతల కుటుంబానికే చెందదు, అసలు ఎలుక, ఉడతల వర్గమే కాదు. 1850లో దాన్ని వర్ణించినప్పుడు, బ్రిటిష్ వాళ్ల కాలంలో మన ఉత్తర సర్కారుల్లో, అంటే ఈ కోస్తా జిల్లాల్లో, కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ పేరు దానికి పెట్టారు. కాబట్టి కొండవారన చారల్లేని "ఉడత" కనిపిస్తే వదిలేయకండి, మూతి ఎలా ఉందో చూడండి.

ఇక ఎప్పుడు చూడాలి అంటే, ఉడత పగటి జీవి, చీకటి పడ్డాక తిరగదు. పొద్దున్న ఎండ గోడ మీద పడిన దగ్గర్నుంచి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి పొద్దు వాలేదాకా బాగా తిరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో మంచు వీడేదాకా బయటికి రాకపోవచ్చు, వచ్చాక కాసేపు ఎండ కాచుకుంటుంది, తీరిగ్గా చూడ్డానికి అది మంచి సమయం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట నీడలో ఉన్న కొమ్మకి పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ బారజాపి పడుకుని ఉంటుంది. చచ్చిపోయిందేమో, జబ్బు చేసిందేమో అని చాలామంది టెన్షన్ పడతారు. ఒంట్లో వేడి దించుకుంటోంది, అంతే. కర్రతో పొడిచి లేపకండి.

కూర్చోడానికి వంటింటి కిటికీ చాలు, లేదా పెరటి గుమ్మం పక్కన ఒక పీట. మీ వెనక గోడో, చెట్టో ఉండేలా కూర్చోండి, ఆకాశానికి ఎదురుగా మీ ఆకారం కనిపిస్తే దగ్గరికి రాదు. మొదటి పది నిమిషాలూ ఏమీ జరగదు, లేచిపోవాలనిపిస్తుంది, లేవకండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకి కూర్చుంటే కొన్నాళ్లకి మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తుంది. బైనాక్యులర్ ఉంటే సంతోషం, లేకపోయినా పెరట్లో పని జరిగిపోతుంది. ఎదురింటి పిన్ని వచ్చి "ఏటి బాబూ, గోడకేసి అలా చూస్తన్నావు?" అని అడిగితే ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఇద్దరుంటే ఒక లాభం ఉంది.

ఆ లాభం ఏమిటంటే, మనిషి కనిపించగానే ఉడత చెట్టు మాను వెనక్కి తిరిగిపోతుంది. మీరు అటు వెళ్తే అది ఇటు వస్తుంది, మాను ఎప్పుడూ మీకూ దానికీ మధ్యలో ఉండేలా చూసుకుంటుంది. ఒక్కరే అయితే చెట్టు చుట్టూ తిరగడం దండగ. ఇద్దరున్నప్పుడు ఒకరు కదలకుండా కూర్చోవాలి, రెండో వాళ్లు అవతలి వైపు నుంచి మెల్లగా నడవాలి. నడిచే మనిషిని తప్పించుకుంటూ ఉడత కూర్చున్న వాళ్ల వైపుకి వచ్చేస్తుంది. తల కిందికి పెట్టి దిగుతుంటే వెనక పాదాలు చూడండి, చీలమండ వెనక్కి తిరిగిపోయి గోళ్లు పైవైపు బెరడుని పట్టుకుని ఉంటాయి. పిల్లి చెట్టు దిగలేక వెనక్కి వెనక్కి జారుతుంది కదా, ఉడతకి ఆ ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇదే.

కంటికి కనిపించక ముందే చెవికి దొరుకుతుంది. "చిక్ చిక్ చిక్ చిక్" అని సన్నగా, గట్టిగా, ఆపకుండా అరుస్తుంటే దానికేదో భయం కలిగించేది కనిపించిందని అర్థం. ఊరికే వినేసి వదిలేయకండి, చాలా విషయం దొరికేది ఇక్కడే. ముందు అరిచే ఉడతని వెతకండి, ఒక్కో అరుపుకీ ఒళ్లంతా చిన్నగా అదురుతుంది, తోక పైకి ఎగిరి పడుతుంది, కదిలే ఆ తోకని బట్టే దాన్ని పట్టుకోవాలి. తర్వాత దాని ముఖం ఎటు ఉందో చూడండి. కిందికి చూస్తూ ఒకే చోట గట్టిగా అతుక్కుని అరుస్తుంటే పాదుల్లో పిల్లో, ముంగిసో, జెర్రిపోతో ఉండొచ్చు, దాని చూపు పడిన చోటే మీరూ వెతకండి. పక్క చెట్టు వైపు చూస్తుంటే జెముడు కాకి దూరిందేమో చూడండి, అది గూళ్లలో పిల్లల్ని ఎత్తుకుపోయే పిట్ట. ఒక్కోసారి పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి ఉడత బెరడుకి అంటుకుపోతుంది, అప్పుడు తలెత్తి చూస్తే డేగ తిరుగుతూ కనిపించొచ్చు. ఇల్లంతా ఊడ్చేసి, వాకిలి కడిగేసి, వంట కూడా అయిపోయాక ఇంకా అరుస్తూనే ఉందంటే ఏ పామో ఇంకా అక్కడే ఉందని నేనైతే అనుకుంటాను, పిల్లల్ని ఆ పక్కకి వెళ్లనివ్వను. అరుపు మొదలైన టైమూ, ఆగిన టైమూ, మధ్యలో కనిపించిన జంతువూ రాసుకుంటూ పోతే కొన్ని నెలల్లో మీ పెరట్లోకి ఏవేవి వస్తున్నాయో మీకే ఒక లెక్క తేలుతుంది.

తినేటప్పుడు దగ్గరగా చూడగలిగితే అదృష్టమే. దోరజామకాయ దొరికిందనుకోండి, అక్కడికక్కడ తినదు, నోట కరుచుకుని కొమ్మ మొదట్లోకి పోయి, మానుకి వీపు ఆనించి కూర్చుంటుంది, తోకని వీపు మీదికి తెచ్చుకుంటుంది. ముందుకాళ్లకి నాలుగేసి వేళ్లు బాగా కనిపిస్తాయి, బొటనవేలు ఉండాల్సిన చోట చిన్న బుడిపె తప్ప ఏమీ ఉండదు, వెనక్కాళ్లకి మాత్రం అయిదేసి ఉంటాయి. రెండు చేతులతో కాయని తిప్పుకుంటూ ముందుపళ్లతో గీరుతుంది. ఆ ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం వల్లే అరుగుతాయి. చెట్టు బెరడు, ఎండిన కొమ్మ కొరుకుతూ కనిపించినా ఆశ్చర్యపోకండి. పండ్లు, గింజలు, మొగ్గలతో పాటు పురుగుల్ని కూడా తింటుంది, వీలు దొరికితే పిట్టగుడ్లు కూడా. మాఘమాసం తర్వాత బూరుగు చెట్టు పూసినప్పుడు కింద నిలబడి చూడండి, పువ్వులో మూతి పెట్టి మకరందం తాగుతుంది, మూతికి పుప్పొడి అంటుకుని ఉంటుంది.

జామచెట్టు ఉన్న ఇళ్లలో "కాయలన్నీ ఉడతలే తినీసాయి" అనే మాట తప్పదు. అన్నీ కాదు. కాయ తీసి గాటు చూడండి. సన్నటి గీతలు జంటగా, పక్కపక్కనే, ఒకచోట నుంచి లోపలికి గీరినట్టుంటే అది ఉడత పని. పెద్ద ముక్కలుగా ఊడదీసి, సగం తిని కింద పడేసి, మళ్లీ ఇంకో కాయ మీద పడితే రామచిలుకలు. పొద్దున్న లేచేసరికి చెట్టు కింద నమిలి ఊసేసిన పిప్పి ముద్దలు కనిపిస్తే రాత్రి గబ్బిలాలు వచ్చాయి, అవి రసం మింగి పిప్పి వదిలేస్తాయి. కొబ్బరి పిందెలు, బొండాలు కన్నం పడి రాలినా ముందు ఏ వేళకి రాలాయో చూడాలి. ఉడత రాత్రి తిరగదు కాబట్టి చీకట్లో రాలిన వాటి నేరం చాలావరకు ఎలుకలది. సాయంత్రం చెట్టు కింద శుభ్రంగా ఊడ్చేసి, తెల్లారకముందే వెళ్లి చూస్తే తేలిపోతుంది. ఇది చూసుకోకుండా మందు పెట్టేస్తే ఉడతలు, పిట్టలు కూడా చచ్చిపోతాయి. దయచేసి మందు జోలికి పోకండి. కావాలంటే బాగున్న కాయలకి సంచులు కట్టుకోండి.

గూడు గుర్తుపట్టడం కష్టం కాదు. కొబ్బరి పీచు, ఎండుగడ్డి, పత్తి, గుడ్డపేలికలు, గోనెసంచి దారాలు అన్నీ కలిపి గుండ్రంగా ముద్దలా కడుతుంది. కొమ్మల సందులో, కొబ్బరి మట్టల మొదట్లో, పెంకుటింటి చూరులో, గోడ కన్నంలో, వాడని కిటికీ పైన, ఎక్కడైనా పెట్టేస్తుంది. నోట్లో పీచు కుక్కుకుని ఒకే దారిలో మళ్లీ మళ్లీ వెళ్తున్న ఉడత కనిపిస్తే దాని వెంట పడొద్దు, ఉన్నచోటే కూర్చుని అది ఎక్కడ మాయమైందో చూసుకోండి. ఉద్దానం వైపు వాళ్లకి ఈ విషయంలో ఒక వీలు ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు తీరం మీద పడి కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లని కూల్చేసిన సంగతి ఆ ఊళ్లవాళ్లు మర్చిపోలేరు. అప్పుడు పోయిన చెట్ల చోట నాటిన కొబ్బరి ఇంకా పొట్టిగానే ఉంటుంది, మొవ్వు దగ్గర జరిగేదంతా నేల మీద నిలబడి చూడొచ్చు, ముసలి చెట్ల విషయంలో మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తినా కనిపించేది కాదు. గూట్లో పిల్లలున్నాయని అనుమానం వస్తే మాత్రం మట్టలు లాగి చూడొద్దు, గెలలు కోయించేటప్పుడు ఆ చెట్టుని కొన్నాళ్లు వదిలేయమని దింపు తీసే అతనికి ముందే చెప్పండి.

ఆడ ఉడత 34 రోజులు పిల్లల్ని మోస్తుంది, మామూలుగా రెండో మూడో పెడుతుంది. జతకట్టే రోజుల్లో రెండు మూడు మగవి ఒక ఆడదాన్ని తరుముతూ చెట్టు మాను చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోవడం కనిపిస్తుంది, ఇంత హడావిడిగా అవి మరెప్పుడూ తిరగవు. పాలిచ్చే తల్లి లేచి నిలబడితే పొట్ట మీద చనుమొనలు స్పష్టంగా తెలుస్తాయి.

అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో ఎలా తెలుస్తుంది అంటే, చెవులు, తోకలు చూడండి. చెవి అంచు చిరిగినది, తోక చివర తెగినది, ఒళ్లు మిగతావాటికంటే లేతరంగులో ఉన్నది, ఇలా ఒకటి రెండు దొరికితే చాలు, వాటిని పట్టుకుని మిగతావాటిని విడదీయొచ్చు. పాత నోటుబుక్కులో తేదీ, టైము, ఎండా మబ్బూ, ఏ చెట్టు, ఏం చేస్తోంది అని ఒక్క లైను రాసినా సరిపోతుంది. ఫోన్లో ఫొటో తీస్తే అందం కోసం కాకుండా డొక్క కనిపించేలా తీయండి. తోక ఎగిరేటప్పుడు స్లో మోషన్ వీడియో పెడితే కంటికి అందనివి కూడా తెలుస్తాయి. ఐనాచురలిస్ట్ అనే ఉచిత యాప్‌లో ఆ ఫొటో పెడితే జాతి సరిగ్గా గుర్తుపట్టామో లేదో తెలిసినవాళ్లు చూసి చెప్తారు. ఇంటి చోటు అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే లొకేషన్ మసకగా చూపించే ఏర్పాటు అందులోనే ఉంది.

తిండి పెట్టాలా అని అందరూ అడుగుతారు. నా మాట అయితే నీళ్లు పెట్టండి, తిండి అక్కర్లేదు. లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పోసి, పట్టుకోడానికి మధ్యలో ఒక రాయి వేసి, పిల్లి పొంచి కూర్చోలేని చోట, గోడ మీదో రెండు కొమ్మల మధ్యో పెట్టండి. రోజూ నీళ్లు పారబోసి, కడిగి మళ్లీ పోయాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పిచ్చుకల కోసం చూరుకి వరి కుచ్చు వేలాడదీసే అలవాటు ఉన్న ఇళ్లలో ఉడత దాని మీదికి కూడా వస్తుంది, తల కిందులుగా వేలాడుతూ గింజలు పీకుతుంటే చాలా బాగా చూడొచ్చు. అంతగా పెట్టాలనిపిస్తే వేయించని, ఉప్పు లేని వేరుశెనగ గింజలు నాలుగైదు, అప్పుడప్పుడు మాత్రమే. జంతికలు, బిస్కెట్లు, చిప్స్ వద్దు. చేత్తో అందించడం అసలు వద్దు, పళ్లు వాడిగా ఉంటాయి, కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి డాక్టరుకి చూపించుకోవాలి.

గాలివానకో, గెలలు కోసినప్పుడో గూడు పడిపోయి కళ్లు తెరవని పిల్ల నేల మీద దొరికితే ఇంట్లోకి తెచ్చేయకండి. ముందు చీమలు దులపండి, ఒంటి మీద గాయం ఉందేమో చూడండి. గాయం లేకపోతే చిన్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పిల్లని అందులో పెట్టి, గూడు పడిన చెట్టుకే పిల్లికి అందనంత ఎత్తులో నీడపట్టున కట్టండి, మూత మాత్రం పెట్టొద్దు. కట్టేసి దూరంగా వెళ్లిపోవాలి, కుక్కని లోపల కట్టేయాలి, పిల్లలు చుట్టూ మూగకూడదు. తల్లికి సాధారణంగా ఇంకో చోటు చూసి పెట్టుకునే తెలివి ఉంటుంది, వచ్చి నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే మోసుకుపోతుంది, అదంతా కిటికీలోంచి చూడొచ్చు. పొద్దు వాలేదాకా రాకపోయినా, పిల్లకి గాయం ఉన్నా పశువుల డాక్టరునో, అటవీ శాఖ వాళ్లనో అడగండి. ఈలోగా పిల్లని వెచ్చగా ఉంచండి, ఎవరెంత చెప్పినా ఆవుపాలు, గేదెపాలు పట్టకండి.